చేర్చుక్క: కొనుక్కోవడమా, చేయించుకోవడమా?



చాలా రోజులుగా ఇటువైపు రాలేకపోయాను. ఇంట్లో మా చిన్నమ్మాయి పెళ్ళి. పందిరి పొడవు, విస్తళ్ళ లెక్క చెప్పి మిమ్మల్ని విసిగించను. ఆ పెళ్ళి పనుల్లో ఒక్క చిన్న నగ విషయమై నాకు కలిగిన అభిప్రాయం మాత్రం మీ ముందు పెట్టాలనిపించింది. ఒప్పుకునేవారు ఒప్పుకోండి, కాదనేవారు నిర్మొహమాటంగా కాదనండి.

పెళ్ళికూతురి తలకు పెట్టే నగను కొనకూడదు, చేయించాలి. ఇదీ నా అభిప్రాయం. గాజులు కొనవచ్చు, గొలుసు కొనవచ్చు, ఉంగరం కొనవచ్చు. తలకు పెట్టేది మాత్రం ఆ తలను చూసి, ఆ తలమీద జరగబోయే తంతును ఎరిగి చేయవలసిన వస్తువు. ఈ మాట మొదటినుంచీ తెలిసినవాడిలా చెబుతున్నాను గానీ, నిజానికి మొన్న మొన్నటి వరకూ నాకే తెలియదు.

మా అమ్మ పెట్టెలో ఒక చేర్చుక్క ఉండేది. 1951లో ఆమె పెళ్ళికి చేయించినది. మధ్యన పావలా కాసంత బిళ్ళ, నడుమ ఒక కెంపు, చుట్టూ చిన్న కెంపుల రేకులు, అడుగున చిన్న ముత్యాల వరుస. బిళ్ళను పట్టుకొని పాపిట వెంబడి వెనక్కు పోయే సన్నని చేరు. ఆ చేరు ఎప్పుడో తెగిపోయింది. ముత్యాల్లో రెండు రాలిపోయాయి. మిగిలినవి పసుపుబారాయి. నా పెళ్ళిలో నా భార్య అదే పెట్టుకున్నది. ఆ తరువాత అది మళ్ళీ పెట్టెలోకి వెళ్ళిపోయింది.

చిన్నమ్మాయి పెళ్ళి కుదరగానే మా పెద్దబ్బాయి ఒక సలహా ఇచ్చాడు. "ఆ పాతది మార్చేసి కొత్తది తీసుకుందాం నాన్నా. ఎటూ తెగిపోయిందేగా!" అన్నాడు. సబబుగానే తోచింది. అందరం కలిసి విజయవాడలో పేరున్న ఒక పెద్ద దుకాణానికి వెళ్ళాం.

అక్కడ కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చి మర్యాద చేశారు. అందులో లోపం లేదు. అమ్మాయి తన ఫోనులో దాచుకున్న బొమ్మలు చూపించింది. ఆ కుర్రవాడు "మాంగ్ టీకానా, మాథాపట్టీనా మేడమ్?" అని అడిగాడు. నాలోని తెలుగు పండితుడు ఊరుకోలేదు. "చేర్చుక్క ఉన్నదా బాబూ?" అన్నాను. అతడు తెల్లబోయి పెద్దాయనను పిలిచాడు. ఆ పెద్దాయన వచ్చి, ఎంతో వినయంగా, "ఆ మోడల్ ప్రస్తుతం స్టాకు లేదండీ" అన్నాడు. నేను ఘనకార్యం చేసినట్టు మా వాళ్ళవైపు చూశాను.

పళ్ళెంలో వరుసగా పేర్చిన టీకాలు చూపించారు. అన్నీ అందంగానే ఉన్నాయి. ఒకే రకంవి నాలుగు పక్కపక్కన ఉన్నాయి. ఈ రోజుల్లో కంప్యూటరు మీద గీసిన బొమ్మకు నమూనా తీసి, దానికి రబ్బరు అచ్చు కట్టి, ఆ అచ్చునుంచి ఎన్ని కావాలంటే అన్ని మైనపు ప్రతులు తీసి, మైనం కరిగిపోయిన ఖాళీలో బంగారం పోస్తారు. పోతపని మనకు కొత్త కాదు. పంచలోహ విగ్రహాలు చేసేదీ మైనం కరిగించే పద్ధతిలోనే. కాకపోతే అక్కడ ఒక మైనపు బొమ్మకు ఒకే విగ్రహం. ఇక్కడ ఒక అచ్చుకు వందలు.

ఇక పాతదాని సంగతి. తూకం వేశారు. మొత్తం 14 గ్రాములు వచ్చింది. వెనక నింపిన లక్క పోను, రాళ్ళు పోను, ముత్యాలు పోను, మిగిలేది ఎనిమిదిన్నర గ్రాములు కావచ్చునన్నారు. ఖచ్చితంగా చెప్పాలంటే కరిగించి చూడాలట. రాళ్ళకు విలువ కట్టరట. నేను తల ఊపబోతున్నాను. అంతలో మా ఆవిడ లేచి, తక్కెట్లోంచి ఆ చేర్చుక్కను తీసి కొంగున ముడివేసుకొని, "ఇది మా అత్తగారిది. కరిగించడానికి తేలేదు" అన్నది. దుకాణంలో అంతవరకూ ఆమె మాట్లాడిన మాట అదొక్కటే.

తిరిగి వస్తుంటే కారులో నేను పేర్ల గురించి ఉపన్యాసం మొదలుపెట్టాను. మన మాటలు పోతున్నాయి, మాంగ్ టీకా అనకపోతే మనకు నగ దొరకని రోజు వచ్చింది, ఇత్యాదిగా. అమ్మాయి కాసేపు విని, "నాన్నా, పెట్టెలో ఉన్నదాన్ని చేర్చుక్క అంటారని మీరు నాకెప్పుడైనా చెప్పారా?" అన్నది.

చెప్పలేదు. మిత్రులారా, ఇక్కడే నాకు సిగ్గు వేసింది. 33 ఏళ్ళు తెలుగు చెప్పి 2018లో పదవీ విరమణ చేసినవాణ్ణి. ప్రబంధపాఠాల్లో 'చేర్చుక్క' వచ్చినప్పుడల్లా నల్లబల్లమీద 'నొసటి ఆభరణ విశేషము' అని రాసి ముందుకు సాగిపోయాను. పరీక్షలో అంతే రాస్తే ఒక మార్కు వేశాను. ఆ విశేషం మా ఇంట్లోనే పెట్టెలో ఉన్నదని ఒక్క పిల్లవాడికీ చెప్పలేదు, నా పిల్లలకూ చెప్పలేదు. అమరకోశం మనుష్యవర్గంలో పాపిట నగకు బాలపాశ్య, పారితథ్య అనీ, నుదుటి నగకు పత్రపాశ్య, లలాటిక అనీ చిన్ననాడే వల్లెవేశాను. వాటిని చూడవలసిన వస్తువులుగా ఎన్నడూ అనుకోలేదు. వెనక కొప్పున పెట్టే రాగిడి, జడమీద పడగ విప్పిన నాగరం, పాపిటకు చెరొక పక్క సూర్యవంక, చంద్రవంక, జడ చివర కుప్పెలు, ఇవన్నీ నాకు మాటలే. దుకాణం కుర్రవాడికి మాట లేదు, నాకు వస్తువు లేదు. ఇద్దరిలో ఎవరు ఎక్కువ అజ్ఞానులో మీరే చెప్పండి.

మర్నాడు మా ఊళ్ళోనే ఉన్న ఒక కంసాలి దగ్గరకు వెళ్ళాను. నా దగ్గర తొమ్మిది, పది తరగతులు చదువుకున్నవాడే. ఇప్పుడు నలభై దాటి ఉంటాయి. ఎక్కువగా మరమ్మతు పనులు, తెగిన గొలుసులకు టంకం పెట్టడం. "రండి మాస్టారూ" అని చాప మీదినుంచి లేచి కుర్చీ వేశాడు. చేర్చుక్క చేతికిచ్చాను. ముందు చూడలేదు, తిప్పి వెనక చూశాడు. కొక్కెం వంపు మీద గోరుతో రాసి, "ఇది మా తాత చేతిపని మాస్టారూ. కొక్కేన్ని ఆయన ఇట్లా ఎడమకు తిప్పి నొక్కేవాడు. నాన్న కుడికి తిప్పేవాడు" అన్నాడు.

అమ్మ పెళ్ళినాటి కంసాలి పేరు నాకు తెలియదు. ఆ వంపు ఇతడికి చెప్పింది.

"నాయనా, చేరు కొత్తది వేసి, రాళ్ళు సవరించి ఇవ్వగలవా?" అన్నాను. అతడు వెంటనే ఒప్పుకోలేదు. "అమ్మాయిగారిని ఒకసారి తీసుకురండి మాస్టారూ" అన్నాడు. ఎందుకన్నాను. "తల చూడకుండా ఎట్లా చేస్తాను?" అన్నాడు.

అమ్మాయి వెళ్ళింది. అతడు అడిగిన ప్రశ్నలు దాదాపు అలాగే రాస్తాను. ఈ టపాలో ఉపయోగపడే భాగమేదైనా ఉంటే అది ఇదే.

పాపిట నడుమ తీస్తావా, పక్కకా? జుట్టు ఎంత ఒత్తు? పెళ్ళినాడు పూలజడా, ఉత్త జడా? చేరు వెనక కొస ఎక్కడ ఆనుతుంది, రాగిడికా, పూలకా, పిన్నుకా? బాసికం ఎంత వెడల్పుది తెచ్చుకున్నారు? జీలకర్ర బెల్లం కింద తమలపాకు పెడతారా, పెట్టరా?

చివరి రెండు ప్రశ్నలకూ నేను నవ్వబోయాను. అతడు వివరించాక నవ్వు ఆగిపోయింది. మన పెళ్ళిలో నుదుటిమీద బాసికం కడతారు. అమ్మాయి నుదురు మూడు వేళ్ళు. అందులో రెండు వేళ్ళు బాసికమే ఆక్రమిస్తుంది. కల్యాణతిలకానికీ చోటు కావాలి. ఇక చేర్చుక్క బిళ్ళకు మిగిలేది పాపిట మొదలు దగ్గర ఒక వేలెడు. దుకాణంలో చూపించిన టీకాలు రెండంగుళాలకు తక్కువ లేవు. పెడితే బాసికం కిందో, బాసికం మీదో నలుగుతాయి. పెళ్ళిళ్ళలో ఆడపిల్లలు మాటిమాటికీ నుదుటిమీద చెయ్యి పెట్టుకొని సర్దుకోవడం మనమందరం చూసిందే. అది సిగ్గు అనుకున్నాను ఇన్నాళ్ళూ. సగం కొలత తప్పు అని ఇప్పుడు అర్థమైంది.

ఇక జీలకర్ర బెల్లం. సుముహూర్తాన వధూవరులు దాన్ని ఒకరి నడినెత్తిన ఒకరు ఉంచుతారు. చేరు పోయేది సరిగ్గా ఆ దారినే. బెల్లపు తడి రాళ్ళ వెనకకు పోతే లక్కపని చెడుతుంది. కడుగుదామంటే లక్క వేడినీళ్ళకు ఓర్చుకోదు. కనుక నడినెత్తిమీది భాగంలో రాళ్ళే ఉండకూడదు, ఉత్త తీగపని ఉండాలి. బిళ్ళకూ చేరుకూ నడుమ కొక్కెం పెట్టాలి. పెళ్ళయ్యాక చేరును విడదీసి కుంకుడు రసంలో కడుక్కోవచ్చు, బిళ్ళ తడవదు. తలంబ్రాలు పోసేటప్పుడు బియ్యపుగింజలు ఇరుక్కోకుండా అల్లిక దగ్గరగా ఉండాలి. మా అమ్మ చేర్చుక్కలో ఈ ఏర్పాట్లన్నీ ఉన్నాయట. తెగిన కొసను చూపించి చెప్పాడు. డెబ్భై ఏళ్ళుగా మా ఇంట్లో ఉన్న నగ ఎందుకు అలా ఉన్నదో నాకు ఆ పూట తెలిసింది.

అమ్మాయి ఫోనులోని బొమ్మలు కూడా అతడు శ్రద్ధగా చూశాడు, ఎగతాళి చేయలేదు. "బాగుందమ్మా. కానీ వీళ్ళకు తలమీద మేలిముసుగు ఉంటుంది. నగ బరువును అది కొంత ఆపుతుంది. మనకు ముసుగు లేదు, పూలున్నాయి. ఈ బరువు వెంట్రుకలే మొయ్యాలి" అన్నాడు. ఉత్తరాది పెళ్ళికి అది తగిన నగే. హైదరాబాదు ముస్లిం పెళ్ళికూతుళ్ళు తలకొక పక్కన పెట్టుకునే ఝూమర్ కూడా వారి దుస్తులకూ ముసుగుకూ తగినదే. ఎవరి తంతుకు తగిన నగ వారు చేసుకున్నారు. తంతు ఒకచోటిది, నగ ఒకచోటిది అయినప్పుడే చిక్కు.

మధ్యలో మాటల సందర్భంలో అతడి ఇంటి కథా కొంత తెలిసింది. 1963 జనవరిలో ప్రభుత్వం బంగారు నియంత్రణ నిబంధనలు తెచ్చి, 14 క్యారెట్లకు మించిన కొత్త నగలు చేయరాదన్నది. పనితనమంతా మేలిమి బంగారం మెత్తదనం మీద ఆధారపడినవారికి అది పిడుగు. ఇతడి తండ్రి అప్పుడే కుంపటి ఆర్పి కొన్నాళ్ళు పొలం పనికి వెళ్ళాడట. 1968లో చట్టమే వచ్చింది, 1990లో గానీ రద్దు కాలేదు. ఆ తరువాత కోలుకుందామనుకుంటే పెద్ద దుకాణాలు వచ్చాయి. "కొత్త నగ చేసి ఎన్నేళ్ళయింది?" అని అడిగాను. "తలనగ చేసి పదకొండేళ్ళయింది మాస్టారూ. చెయ్యి మరిచిపోలేదు లెండి" అన్నాడు.

ఇరవై మూడు రోజులు పట్టింది. నాకు తీరిక కనుక రోజూ వెళ్ళి కూర్చునేవాణ్ణి. కమ్మెచ్చు పలకలో ఒక్కొక్క బెజ్జం దాటిస్తూ తీగను సన్నం చేయడం కళ్ళారా చూశాను. కవిత్వం చక్కగా సాగితే 'కమ్మెచ్చున తీసినట్లున్నది' అని తరగతిలో ఎన్నిసార్లు అన్నానో! కమ్మెచ్చును చూడడం మాత్రం ఇదే మొదలు. తీగ గుంజేటప్పుడు అతడి ముంజేతి నరాలు పొంగడం చూశాక, ఆ ఉపమానాన్ని నేను చాలా తేలిగ్గా వాడానని తెలిసింది.

లెక్క కూడా చెబుతాను. చేయించదలచినవారికి పనికివస్తుంది. పాత బిళ్ళను కరిగించలేదు. వదులైన రాళ్ళు తీసి లక్క మార్చి తిరిగి పొదిగాడు. కొత్తగా పట్టిన బంగారం 22 క్యారెట్లది, ఆరు గ్రాములు. అంటే వెయ్యింటికి 916 పాళ్ళ మేలిమి. బంగారం తూకం వేరు, రాళ్ళ తూకం వేరు, తరుగు వేరు, మజూరీ వేరుగా చీటీమీద రాసి ఇచ్చాడు. చేయించేవారు ఈ నాలుగూ విడివిడిగా రాయించుకోవాలి. రాళ్ళూ లక్కా కలిపిన మొత్తానికి బంగారం ధర కట్టించుకోవడం ఎక్కడైనా నష్టమే.

ఇక్కడ ఎదుటివారి వాదన కూడా చెప్పాలి. మా అబ్బాయే అన్నాడు: "దుకాణంలో హాల్‌మార్కు ఉంటుంది, ఇక్కడేముంది?" అది కొట్టిపారేయదగిన మాట కాదు. 2021 జూన్ 16 నుంచి జిల్లాలవారీగా హాల్‌మార్కు తప్పనిసరి అయింది. 2023 ఏప్రిల్ 1 నుంచి ఆరు అక్షరాంకెల గుర్తింపు సంఖ్య లేనిదే దుకాణాలు హాల్‌మార్కు నగ అమ్మరాదన్నారు. చిన్న పనివాళ్ళకూ, కుందన్, జడావు వంటి పొదుగుపనులకూ మినహాయింపు ఇచ్చారు. మినహాయింపు ఉన్నచోట మోసానికీ చోటుంటుంది. కనుక నగను పరీక్షా కేంద్రానికి తీసుకువెళ్ళి స్వచ్ఛత చూపించుకోండి. నేనూ చూపించాను. పనివాడికి ముందే చెప్పి చేశాను. అతడు నొచ్చుకోలేదు, "తప్పకుండా చూపించండి మాస్టారూ, నాకూ మంచిదే" అన్నాడు. నమ్మకం ఉన్నచోట పరీక్ష అవమానం కాదు.

రెండవ వాదన, అందరి ఇళ్ళలోనూ అమ్మమ్మల పెట్టెలుండవు, బంగారం కొనే శక్తీ ఉండదు. నిజమే. అలాంటివారికి నా సలహా మరీ గట్టిగా చెబుతాను. మా బందరు పక్కనే చిలకలపూడి ఉన్నది. బంగారు పూత నగలకు పేరుపడిన ఊరు. బిడ్డ నుదురు కొలిచి, బాసికానికి చోటు విడిచి చేసిన పూత చేర్చుక్క, కొలత లేని బంగారు టీకాకంటే మేలు. మూడవ వాదన అద్దె నగలది. ఒక్కపూట ముచ్చటకు అద్దె నగ తప్పేమీ కాదు. కానీ మర్నాడు అది ఇంకొకరి నుదుటిమీద ఉంటుంది. అది పర్వాలేదనుకునేవారితో నాకు తగవు లేదు.

నాకు ఎందుకు పర్వా అంటే, ఒక పాతకథ చెప్పాలి. సుందరకాండలో సీత హనుమంతుడికి ఇచ్చిన చూడామణి మీకందరికీ తెలుసు. అది ఆమె సిగలోంచి తీసి ఇచ్చినది కాదు, చీరలో దాచుకున్నదాన్ని ముడివిప్పి ఇచ్చింది. రాముడు దాన్ని చూసి ఏమన్నాడో పిల్లలకు చెప్పేటప్పుడు నేను తొందరగా దాటేసేవాణ్ణి. అది పెళ్ళినాటి నగ. పెళ్ళివేళ జనకుడు సీతకు ఇచ్చినది, ఆమె తలపై కట్టగా శోభించినది. యజ్ఞంలో సంతుష్టుడై ఇంద్రుడు జనకుడికిచ్చిన మణి. దాన్ని చూస్తుంటే తన తండ్రినీ జనకుణ్ణీ చూసినట్టున్నదని రాముడు అంటాడు. పెళ్ళికూతురి తలనగ ఇంతమందిని గుర్తుకు తెచ్చింది. అలాంటిది మరొకటి లేదు కనుకనే అది ఆనవాలు కాగలిగింది. లంకలో అంగడివీధిలో అలాంటివి పళ్ళెంనిండా ఉండి ఉంటే హనుమంతుడి మాట ఎవరు నమ్మేవారు?

కంసాలి కొక్కెం వంపు చూసి తాతను గుర్తుపట్టిననాడు నాకు ఈ ఘట్టమే మనసులో మెదిలింది. చేయించిన నగలో చేసినవాడుంటాడు, చేయించినవారుంటారు, పెట్టుకున్నవారుంటారు. దుకాణం తక్కెట్లో ఎనిమిదిన్నర గ్రాములుగా తేలినది వీళ్ళెవరూ లెక్కలోకి రాని తూకం. నేను తల ఊపబోయాను అన్న సంగతి ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉన్నది.

పెళ్ళి బాగా జరిగింది. చేర్చుక్క కుదురుగా నిలిచింది. అమ్మాయి ఒక్కసారి కూడా నుదుటిమీద చెయ్యి పెట్టుకోలేదు, నేను కనిపెట్టుకొనే ఉన్నాను. బెల్లం మాత్రం చేరులోకి బాగానే పోయింది. మర్నాడు పొద్దున మా ఆవిడ కొక్కెం విడదీసి చేరు కడుగుతుంటే, అమ్మాయి పక్కన కూర్చొని, దీన్నేమంటారు, దాన్నేమంటారు అని అడుగుతూ కాగితంమీద రాసుకున్నది. కొక్కెం, చేరు, బిళ్ళ, పొదుగు, లక్క. కొన్నిటికి నాకూ పేర్లు తెలియలేదు. కంసాలినడిగి రాసుకురమ్మన్నాను. ఆ కాగితం నగతోపాటే భరిణెలో పెట్టింది.

మీకొక మనవి. మీ ఇళ్ళలో ఇలాంటి తలనగలుంటే ఒకసారి బయటికి తీసి చూడండి. మీ వైపు దీన్ని చేర్చుక్క అంటారా, పాపిటబిళ్ళ అంటారా, పాపిటచేరు అంటారా? తెలంగాణ మిత్రులు తమ అవుసలివారినీ, రాయలసీమ మిత్రులు తమ పెద్దలనూ అడిగి తెలుపగలరు. నిఘంటువులో 'ఆభరణ విశేషము' అని వదిలేసినచోట, అది ఎలా ఉంటుందో, ఎక్కడ పెడతారో, ఎలా కడుగుతారో కూడా రాసుకుందాం. ఇన్నేళ్ళూ నేను చెప్పని పాఠం, కనీసం ఇప్పుడైనా మీతోపాటు నేర్చుకుంటాను.

సెలవు.